విమానచోదకుని మౌనము

ఆదిలాబాదు విమానాశ్రయమునకు భారత వాయుసేన 2025 ఏప్రిలులో సమ్మతి నొసగినది. ఉమ్మడి కరీంనగరు జిల్లాలోని బసంత్‌నగరు మైదానమునకు 1980వ దశకమున వాయుదూత్ విమానములు వచ్చుచుండెడివి. ఆ ప్రాంతీయులును విమానసౌకర్యమును మరల కోరుచున్నారు. ఈ కోరిక న్యాయమైనదే. అయితే రన్‌వే నిడివిని గూర్చియు, భూసేకరణను గూర్చియు సాగుచున్న చర్చలో చోదకుని క్రమశిక్షణకు తావు లేకుండుట మాకు వింతగా నున్నది.

విమానము నేలపై కదలుచున్నప్పుడును, ఎగురునప్పుడును, దిగునప్పుడును, సామాన్యముగా 10,000 అడుగులకు దిగువన నున్నంతకాలమును చోదకులు తమ విధికి సంబంధింపని పనిగాని, ప్రసంగముగాని చేయరాదు. ఈ నియమము ప్రాణములు పోయిన పిమ్మట పుట్టినది. 1974 సెప్టెంబరు 11వ తేదీ ఉదయమున అమెరికాలోని షార్లట్ నగరసమీపమున పొగమంచులో దిగుచున్న విమానము నేలకూలి డెబ్బదిమందికి పైగా మరణించిరి. దిగుచున్న సమయముననే చోదకులు రాజకీయములను, పాతకార్లను గూర్చి ముచ్చటించుకొనుచు, ఎంత ఎత్తున నున్నామను ధ్యాస కోల్పోయిరని విచారణలో తేలినది. 1981లో ఆ దేశము ఈ నిబంధనను శాసనముగా నమలుపరచినది. భారతదేశమును దీనిని పాటించుచున్నది.

తెలుగువారికి ఇది పరదేశపు కథ మాత్రమే కాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీన బేగంపేటనుండి చిత్తూరునకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమలలో కూలి, ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారితో గూడ ఐదుగురు మరణించిరి. యంత్రమును నేలకు త్రోసినది మేఘములలోని తీవ్రమైన అధోవాయువే. కాని అంతకుముందు చోదకులు చమురుపీడన సమస్యకు పరిష్కారమును వెదకుచు ఆరు నిమిషములకు పైగా దానియందే నిమగ్నులై యుండిరని విచారణసంఘము నిర్ణయించినది. అచ్చట ముచ్చట లేదు; వారు చేయుచున్నది విధియే. అయినను చిత్తము ఒకచోట చిక్కుకొన్నప్పుడు ఎదుటి మబ్బు కానరాదు. ఒకరు లోపమును వెదకునప్పుడు వేరొకరు ఆకాశమునుండి చూపు మరల్పరాదనుటయే ఇందలి పాఠము.

హెలికాప్టరు ప్రయాణము మిక్కిలిగా ఆ 10,000 అడుగులకు దిగువనే సాగును. కావున ఈ జాగ్రత్త దానికి మొదటినుండి తుదివరకు వలయును. మన జిల్లాలకు ఎన్నికలవేళ నాయకులు వచ్చుట ఈ వాహనముననే. సభకు వేళ మించుచున్నది, మైదానమున జనము వేచియున్నారు, ఆసీనుడైనవాడు గొప్పవాడు. అట్టివాడు చోదకుని ప్రశ్నించినచో అతడు మౌనము వహింపగలడా? నిబంధన చోదకుని బంధించుచున్నది. అధికారమున అతనికన్న పెద్దవాని నెవరు బంధింతురు? 2023లో దుబాయినుండి ఢిల్లీకి వచ్చు విమానమున స్నేహితురాలిని చోదకశాలలోనికి రానిచ్చినందులకు చోదకుని లైసెన్సు మూడుమాసములు నిలుపబడినది, సంస్థకు 30 లక్షల జరిమానా పడినది. శిక్ష ఉచితమే. కాని పిలువని అతిథిని, పదవిగల అతిథిని వారించు బలమునుగూడ ప్రభుత్వము చోదకునకు వ్రాతమూలముగా నీయవలయును. వాతావరణము బాగులేదని అతడు వెనుకకు మరలినచో, ఏ సభ చెడినను, అతని కొలువునకు హాని రాకూడదు.

నిండిన వాగులో బండి దిగినప్పుడు పగ్గము పట్టినవానిని పలుకరింపవద్దని మన పల్లెలలో పెద్దలు పిల్లలను గదమాయింతురు. బండిలో నున్నవాడు ఊరి దొరయైనను ఆ క్షణమున నోరు మెదపడు. ఆ పాత మర్యాదయే ఈ క్రొత్త శాసనము. ఆదిలాబాదునకు విమానము వచ్చుటకు పూర్వమే దానిని మనము మరల నేర్చుకొందుము గాక!