అమ్ముకోవడం అనే మాట

"పాట బాగుంటే సరిపోదమ్మా, నిన్ను నువ్వు అమ్ముకోవడం నేర్చుకోవాల." సొంతంగా పాట రాసుకుని, బాణీ కట్టుకుని, వేదిక మీద పాడి బతుకుదామనుకునే వాళ్లందరికీ ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. ఫోటోలు దిగు, పోస్టర్లు వేయి, నంబరివ్వు, మొహమాటపడకు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్లలో పదేళ్లకు పైగా ప్రోగ్రాములు చేసుకుంటూ ఈ సలహాలన్నీ పాటించినదాన్ని నేను. అందుకే చెప్తున్నాను, ఇది మగవాళ్ల కోసం తయారైన సలహా. మన భాషలో మగవాడు తనను తాను అమ్ముకుంటే బతకనేర్చినవాడు. ఆడది తనను తాను అమ్ముకుందంటే ఎవరికి ఏం స్ఫురిస్తుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. బజారు అనే మాట సంగతీ అంతే. వాళ్లకది సరుకులు దొరికే చోటు, మనకది తిట్టు.

2019లో ధర్మవరంలో మొదటిసారి టికెట్టు పెట్టి ప్రోగ్రాం చేశాను. పోస్టరు మీద నా ఫోటో, పేరు, ఫోన్ నంబరు వేయించాను. వారం రోజుల్లో నలభై ఒక్క ఫోన్లు వచ్చాయి. నోటుబుక్కులో రాసుకున్నాను. టికెట్టు ధర అడిగినవాళ్లు పదకొండుమంది. మిగతా ముప్పైమందికి కావలసిన సమాచారం వేరు. రాత్రి ఎక్కడ దిగుతావు, ఒంటరిగా వస్తావా, రికార్డింగ్ డ్యాన్స్ కూడా ఉంటుందా. ఒకాయన చాలా మర్యాదగా, "పోస్టరు మీద నువ్వే కదమ్మా నంబరిచ్చింది" అన్నాడు. ఆయన దృష్టిలో తప్పు నాదే. గోడ మీద నంబరు పెట్టడమంటే పిలవడమే కదా!

రెండోసారి మా డోలక్ అబ్బాయి నంబరు వేయించాను. వెకిలి ఫోన్లు ఆగిపోయాయి. దాంతోపాటు నేనూ మాయమైపోయాను. ఆ అబ్బాయికి ఇరవై రెండేళ్లు. నేను పాడిన తర్వాత పుట్టిన పిల్లవాడేం కాదు గానీ, నేను నేర్పితే డోలక్ పట్టినవాడు. ప్రోగ్రాం మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు అతన్నే యజమాని అనుకున్నారు. పెనుకొండ దగ్గరి ఒక పల్లెలో జాతరకు పాడితే, కమిటీ పెద్ద డబ్బు తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాడు. నేనడిగితే, "ఆయప్పకిచ్చినాం లేమ్మా, నీకెందుకీ లెక్కలు" అన్నాడు. రాసింది నేను, పాడింది నేను, ఆటోకి, సౌండుకి అప్పు తెచ్చింది నేను. లెక్క మాత్రం నాది కాదు.

బెంగుళూరు నుంచి గుంతకల్లు వెళ్లే రైలు మార్గంలో ఈ మూడు ఊళ్లూ వరుసగా వస్తాయి. ఆడగొంతు ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. 2020లో అక్కడి దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలో కుటుంబమంతా పనిచేస్తుంది, తెర వెనక ఆడవాళ్లు గొంతెత్తి పాడతారు. తెర ముందు కూర్చున్నవాళ్లకు గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించదు. అదే ధర్మవరంలో 1853లో పుట్టిన రామకృష్ణమాచార్యుల్ని ఆంధ్ర నాటక పితామహుడన్నాం. ఆయన కాలపు నాటకాల్లో ఆడవేషాలు కట్టింది మగవాళ్లు. ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ పట్టుబట్టాల్సి వచ్చింది. అంటే ఆడదాని గొంతుకీ, ఆడదాని వేషానికీ ఈ సమాజానికి ఎప్పుడూ అభ్యంతరం లేదు. ఆ గొంతు వెనకున్న మనిషి పేరు పెట్టుకుని ఎదురుగా నిలబడి డబ్బు అడిగినప్పుడే అభ్యంతరం.

పేరు చెప్పుకున్న ఆడవాళ్లు లేకపోలేదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను కోసం పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తనే ప్రకటించుకునేది. రికార్డు ఎవరిదో విదేశంలో ముద్రించేవాళ్లకు తెలియడానికట. కారణమేదైనా, పాడింది ఫలానా మనిషి అని ఆ రికార్డు ఇప్పటికీ చెప్తోంది. బెంగుళూరు నాగరత్నమ్మ సంగతి మరీ ముఖ్యం. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అచ్చువేయించి ఆమె పడ్డ మాటలు మనకు తెలుసు. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి దగ్గర తన సొంత డబ్బుతో గుడి కట్టించిన మనిషిని, అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. ఆమె ఇంట్లో కూర్చుని ఏడవలేదు. ఆడవాళ్లను కూడగట్టి వేరుగా కచేరీలు పెట్టింది. చివరికి 1940 ప్రాంతంలో వర్గాలన్నీ కలిసినప్పుడు ఆడవాళ్లకూ ఆ ఉత్సవంలో చోటు దక్కింది. ఆమె ఒక్కతే తెలివిగా ప్రచారం చేసుకుని గెలిచిందని చెప్పడం అబద్ధం. గుంపు కట్టి గెలిచింది.

ఇప్పుడు ఫోనుంది, యూట్యూబుంది, ఎవరి దయా అక్కర్లేదు అంటారు. సగం నిజమే. పాట ఇంట్లోంచి వెళ్తుంది. కానీ ప్రోగ్రాంకి మనిషి వెళ్లాలి. రాత్రి పది దాటితే మైకు ఆపాలన్న నియమం అందరికీ ఒకటే, ఆ తర్వాత స్టేషనుకు నడిచే దారి మాత్రం అందరికీ ఒకటి కాదు. నేను పాడిన హాళ్లలో చీర మార్చుకునే గది, తలుపున్న మరుగుదొడ్డి ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో చట్టం వచ్చింది. పదిమంది కంటే తక్కువ పనివాళ్లున్న చోట జరిగినా, యజమాని మీదే ఫిర్యాదైనా వినడానికి జిల్లాకొక స్థానిక కమిటీ ఉండాలని అందులో ఉంది. మాలాంటి వాళ్లకు అక్కరకొచ్చేది అదే. 2022లో మాకు కొత్త జిల్లా వచ్చింది. నాతో పాడే ఆడపిల్లల్లో ఒక్కరికీ ఆ కమిటీ మాటే తెలియదు. ధైర్యం తెచ్చుకో అని మాకు చెప్పేవాళ్లు, ఈ కమిటీ చిరునామా ప్రతి కళాశాల హాలు గోడ మీదా రాయించమని అధికారుల్ని ఎందుకు అడగరు?

ఇక మన సంగతి. హిందూపురంలో ఒక మార్చి 8 సభకు నన్ను పిలిచారు. ఆహ్వాన పత్రంలో వక్తల పేర్లు, పక్కన డిగ్రీలు, ఉద్యోగాలు ఉన్నాయి. అడుగున 'పాటలతో సభ ప్రారంభం' అని ఉంది. పాటలు వాటంతట అవే వస్తాయి కాబోలు! రెండో చరణం ఎత్తుకోగానే టైము లేదని చీటీ అందింది. వక్తలకు రానుపోను ఛార్జీలిచ్చారు, నాకు శాలువా కప్పారు. సభలో మాట్లాడిన అంశం స్త్రీల గుర్తింపులేని శ్రమ. ఇది ఒక్క సభ కథ కాదు. మా ఇంట్లో పదిహేడు శాలువాలున్నాయి, ఇంటి అద్దెకు అవి చెల్లవు. కమిటీ పెద్ద నా డబ్బు డోలక్ అబ్బాయికిచ్చాడని కోప్పడ్డాను, నిజమే. ఆయన డబ్బయినా ఎవరో ఒకరి చేతిలో పెట్టాడు.

ఇది రాస్తే కొందరు అక్కలకు కష్టం కలుగుతుందని తెలుసు. ఉద్యమానికి పాడటం కూలిపనా అంటారు. ఉద్యమానికి ఊరికే పాడిన రోజులు నాకూ చాలా ఉన్నాయి, ఇంకా పాడతాను. ఎప్పుడు ఊరికే పాడాలో నన్ను నిర్ణయించుకోనివ్వండి అంటున్నాను. వ్యాసం రాసినామె పేరు లేకుండా పత్రిక అచ్చు వేస్తామా?

ఈసారి మేం ఐదుగురం ఆడవాళ్లం కలిసి పోస్టరు వేస్తున్నాం. ఐదు పేర్లూ ఉంటాయి. నంబరు ఒకటే, దాన్ని రోజుకొకరం చూసుకుంటాం. వెకిలి ఫోనొస్తే ఆ రోజు తీసినామె ఒక్కతే మింగక్కర్లేదు, అందరం కలిసి పోలీసు స్టేషనుకు వెళ్తాం. ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆఖర్న ధర్మవరం. టికెట్టు వంద రూపాయలు. రండి, టికెట్టు కొనుక్కుని రండి. శాలువాలు తేవద్దు.