నర్సీపట్నము: రేపటి రూపము

పట్టణములు రెండు విధముల పెరుగును. ముందుచూపుతో పెంపబడినవి కొన్ని. ఎవరికి తోచినట్లు వారు కట్టుకొనగా తమంతట తాము ప్రబలినవి కొన్ని. మన దేశమున మొదటి తరగతివి మిక్కిలి స్వల్పము. నర్సీపట్నము రెండవ తరగతిలో చేరిపోకముందే పౌరులు మేల్కొనవలెనని హెచ్చరించుటకై నేడీ విషయమును గైకొంటిమి.

ఈ యూరికి ప్రాముఖ్యము క్రొత్తగా వచ్చినది కాదు. చెన్నరాజధాని కాలమున గొలుగొండ తాలూకాకు ఇదియే ముఖ్యస్థానము. మన్యమునకును మైదానమునకును నడుమ గడపవలె నున్నది. చింతపల్లి, కొయ్యూరు ప్రాంతముల పసుపు, మిరియాలు, కాఫీ, చింతపండు ఈ దారినే దిగివచ్చును. ఉప్పు, బట్ట, మందులు ఈ దారినే కొండ కెక్కును. 2011 జనగణనలో ఈ యూరి జనసంఖ్య 33 వేల పైచిలుకు. పిమ్మట బలిఘట్టము, పెదబొడ్డేపల్లి వంటి పొరుగుగ్రామములను కలుపుకొని పురపాలక సంఘమైనది. 2022 ఏప్రిలు 4వ తేదీన విశాఖపట్టణము జిల్లా విభజింపబడి, ఊరు అనకాపల్లి జిల్లాలోను, దాని నాశ్రయించిన మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరినవి. జిల్లాలు వేరైనను జనుల రాకపోకలు వేరుకాలేదు. జబ్బుపడిన గిరిజనుడు నేటికిని నర్సీపట్నము ఆసుపత్రికే దిగివచ్చుచున్నాడు. 2022 డిసెంబరులో మాకవరపాలెము చెంత వైద్యకళాశాలకు శంకుస్థాపన జరిగినది. అట్టి సంస్థ నెలకొన్నచో దాని వెంట వసతిగృహములు, అంగళ్లు, బండ్లు, జనసమ్మర్దము వచ్చుట నిశ్చయము. కావున ఊరు పెరుగునా యను ప్రశ్న లేదు. ఎట్లు పెరుగుననునదే ప్రశ్న.

ఇప్పటి పద్ధతిని విచారింతము. బాటప్రక్కనున్న చెరకుతోట లేక వరిమడి అమ్ముడుపోవును. రాళ్లు పాతబడును, ప్లాట్లు వెలయును. లేఅవుటులో నూటికి పది వంతులు ఖాళీగా విడువవలెనని నిబంధన కలదు. దానిని పాటించినవాడు సయితము తన హద్దు లోపలనే పాటించును. అతని వీథి పొరుగువాని గట్టువద్ద ఆగిపోవును. అతని మురుగుకాలువ పొరుగువాని మడిలో ముగియును. ఇట్టి నూరు లేఅవుట్లు చేరినను ఊరు కాదు. పాటింపనివారి సంగతి వేరుగ చెప్పనేల? 2020లో ప్రభుత్వము తెచ్చిన క్రమబద్ధీకరణ పథకమున ఖాళీస్థలము విడువనందుకు బదులుగా స్థలపు విలువలో నూటికి 14 వంతులు చెల్లించిన చాలునని విధించిరి. ప్లాటు కొనిన మధ్యతరగతివానికి ఇది ఉపశమనమే, మేము కాదనము. కాని ఆ పైకము ఖజానా చేరినంత మాత్రమున పిల్లలాడుకొను మైదానము పుట్టదు. ఇండ్లు లేచిన తరువాత ఎంత ధనము పోసినను ఆ నడుమ నేల దొరకదు.

ఇది తెలియక జరుగుచున్నది కాదు. చెన్నరాజధానిలో పట్టణ నిర్మాణ చట్టము 1920లోనే పుట్టినది. అంతకుముందే, 1914-15 సంవత్సరములలో, పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు మన రాజధానిలోని పట్టణములను కాలినడకన తిరిగి చూచెను. పాత పేటలను చీల్చి సూటిబాటలు వేయుట వ్యర్థమైన ఖర్చనియు, శిథిలమైన కొంపలను మాత్రము తొలగించి, సందులను కలిపి, చెట్టునీడను, బావిగట్టును నిలుపుటయే మేలనియు నతడు బోధించెను. అమెరికాలో క్లారెన్సు పెర్రీ 1929లో మరియొక సూత్రమును చెప్పెను: పాఠశాల నడుమ నుండవలెను, పసివాడు పెద్దబాట దాటకుండ నడచి చేరవలెను, బండ్ల రద్దీ పేట వెలుపలనే సాగవలెను. చెరువు, గుడి, రచ్చబండ, బడి గల మన పల్లెకు ఈ సూత్రము కొత్తదా? వరాహనది యొడ్డున శివాలయము గల బలిఘట్టము ఇట్టి పేటయే. దానిని వార్డు సంఖ్యగా మార్చి మరచిపోక, అట్టి పేటలు మరికొన్ని కల్పించుటయే నగర నిర్మాణమని మా యభిప్రాయము.

ఇక రహదారి సంగతి. నర్సీపట్నమునుండి మన్యమునకు వేసిన బాటకు ఒక చరిత్ర కలదు. ఆ ఘాట్ రోడ్డు పనిలో చాలీచాలని కూలికి గిరిజనులచే బలవంతపు చాకిరి చేయించిన బాస్టియను అను అధికారి దౌష్ట్యము, 1922లో అల్లూరి సీతారామరాజు లేవనెత్తిన తిరుగుబాటుకు ముఖ్యకారణములలో నొకటి. ఆ యేడు ఆగస్టు 22వ తేదీన చింతపల్లి ఠాణా పట్టుబడినది. బాట చెడ్డది కాదు. ఎవరి నడుగక, ఎవరి కష్టముపై వేసిరో అది చెడ్డది. నేటి బాట విస్తరణమునకును ఈ పాఠము వర్తించును. పెద్దబజారున ఇరువైపుల కొట్లు కోయుటకు ముందు, లంబసింగి పోవు యాత్రికుల బండ్లును బరువులారీలును ఊరి నడుమనుండియే పోవలెనా యని యోచింపవలెను. వెలుపలి బాట వేసినచో కోత చాలవరకు తగ్గును. తప్పనిచోట పరిహారము రొక్కముగ నీయవలెను. 2013 నాటి భూసేకరణ చట్టము బజారువెలపై అంతియే మొత్తము అదనముగ నిమ్మని శాసించుచున్నది. దానికి మారుగా హక్కు బదలాయింపు పత్రము లిచ్చుట మహానగరములలో చెల్లవచ్చును. అంతస్తులు పేర్చువారు లేని చిన్న యూరిలో ఆ కాగితమును కొనువారెవ్వరు?

పేటకు వలసిన దేదియో పేటవారే చెప్పవలెను. 1992 నాటి డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము పురపాలక సంఘములకు ప్రాణము పోసినది. కాని వార్డు కమిటీలను మూడు లక్షల జనసంఖ్య గల పట్టణములకే తప్పనిసరి చేసినది. అనగా కమిటీ నిజముగా సాగదగిన చిన్న యూరికే ఆ హక్కు దక్కలేదు. ప్రజల సమ్మతి లేని పురపాలనము ఎట్లు ముగియునో ఆంధ్రులకు తెలియును. చీరాల పేరాలలను బలవంతముగ మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున జనులు ఇండ్లు విడిచి రామనగరమున పాకలలో నెలల తరబడి కాపురముండిరి. నేడు అంత యవసరము లేదు. ఓటు మన చేతనున్నది. కాని కలుపబడిన గ్రామపు రైతు పట్టణపు పన్ను చెల్లించుచు పల్లెటూరి బురదలో నడచుచున్నంత కాలము ఆతనికి ఈ స్వపరిపాలనమున విశ్వాస మెట్లు కలుగును?

మా సూచనలు నాలుగు. మొదటిది: ఏ ప్లాటుకైన అనుమతి యిచ్చుటకు ముందు చెరువులు, గెడ్డలు, వరాహనది గట్లు సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, ఆ పటమును ప్రతి వార్డులో వ్రేలాడదీయవలెను. నీరు పోవుదారి తెలియక వీథి వేయరాదు. రెండవది: రాబోవు ఇరువదియేండ్ల ముఖ్యవీథులను, పెద్దకాలువలను ముందుగ గీసి, లేఅవుట్లన్నియు వానికి కలియునట్లు నిర్బంధింపవలెను. మూడవది: కొండనుండి సరకు తెచ్చువారికి తిన్నని నీడ, త్రాగునీరు, మరుగుదొడ్లు, రాత్రి బస గల సంత కట్టవలెను, ఊరి వర్తకము వారి వలననే సాగుచున్నది గదా. నాల్గవది: పురపాలక సంఘము తానై వార్డుసభలు జరిపి, మాస్టరు ప్లానును తెలుగున చదివి వినిపింపవలెను.

భూస్వాములకు ఒక్కమాట. పదిమంది రైతులు తమ భూములను కలిపి, వీథులకు, బడికి, మైదానమునకు భాగము తీసి, మిగిలినదానిని చక్కని ప్లాట్లుగా తిరిగి పంచుకొను మార్గము కలదు. గుజరాతున ఇది చిరకాలముగ నడచుచున్నది. అమరావతికై 2015లో మన రైతులు 33 వేల యెకరములకు పైగా నిచ్చిరి. కాని 2019 తరువాత పనులు నిలిచి వారు పడిన యవస్థయు చూచితిమి. కావున రాజధానుల వంటి మహాప్రయత్నముతో కాక, ఏబది యెకరములతో, స్పష్టమైన గడువుతో, వ్రాతమూలకమైన హామీతో ఆరంభింపవలెను. తునకలుగ నమ్మినచో నేటి వెల దక్కును. కలిసి నిర్మించినచో మిగిలిన నేలకు రేపటి వెల దక్కును. పైగా ఆ వీథులలో నడచువారు పరులు కారు, మీ మనుమలే. ఈ సంగతిని అధికారులు తలపెట్టువరకు వేచియుండక, నర్సీపట్నము పెద్దలు తామే సభ గూర్చి మొదటి పటమును గీయింపగలరని నమ్ముచున్నాము.