నలభై లైకులు.. పద్నాలుగు ఓట్లు!

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు. ఫ్లాట్‌కు నెలకు 3,000 మెయింటెనెన్స్. అంటే నెలకు 1,44,000 రూపాయలు. మొన్న ఏప్రిల్‌లో బోరు ఎండిపోయి ట్యాంకర్లు మొదలయ్యాక అదీ చాల్లేదు. ఇంటికి మరో వెయ్యి కట్టమన్నారు. నాకు ఒళ్లు మండింది. ‘ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి? లెక్కేది?’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నలభై లైకులు పడ్డాయి. తొమ్మిదేళ్లుగా సెక్రటరీగా ఉన్న అంకుల్ మాత్రం ఒక్క ముక్క రాశారు: ‘వచ్చే నెల ఎలక్షన్. నిలబడు బాబూ.’

నిలబడ్డాను.

మొదటి దెబ్బ బైలాస్ దగ్గరే తగిలింది. మాది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం. ఈ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. మా బైలాస్‌లో ఓనర్లే సభ్యులు, ఫ్లాట్‌కు ఒకటే ఓటు. మా ఫ్లాట్ నాన్నదీ నాదీ కాబట్టి పోటీకి పనికొచ్చాను. ఓటు మాత్రం కాగితాల్లో మొదటి పేరున్న నాన్నది. ‘మన ఓటు నాకేగా?’ అనడిగితే, పేపర్లోంచి తలెత్తకుండా ‘చూద్దాం’ అన్నారు.

లైకుల లిస్టు తీసి చూస్తే అందులో సగం అద్దెకున్నవాళ్లవే. మెయింటెనెన్స్ కట్టేది వాళ్లు. నీళ్లు రాకపోతే బకెట్లు మోసేదీ వాళ్లే. ఓటు మాత్రం డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఓనర్లది.

ఇక గ్రూపు కట్టేసి గడప గడపకూ తిరిగాను. అప్పుడు తెలిసింది, ఆరేళ్లుగా ఉంటున్నా సగం మంది పేర్లు నాకు తెలీవని. మూడో ఫ్లోర్ ఆంటీ మంచినీళ్లిచ్చి ఒకే ప్రశ్న వేశారు. ‘పోయినేడాది మా అమ్మాయి డ్యూటీ నుంచి వస్తూ రాత్రి రెండింటికి లిఫ్ట్‌లో ఇరుక్కుంది. ఫోన్ చేస్తే అంకుల్ లుంగీ మీదే పరిగెత్తుకొచ్చారు. నువ్వు అర్ధరాత్రి ఫోన్ ఎత్తుతావా నాన్నా?’

పదకొండు దాటితే నా ఫోన్ సైలెంట్. ఏం చెప్పాలో తోచలేదు.

ఆదివారం సెల్లార్‌లో కుర్చీలు వేశారు. 31 మంది వచ్చారు. ఆయనకు 17, నాకు 14. ‘కచ్చితంగా నీకే బ్రో’ అన్న ముగ్గురు ఓనర్లు మధ్యాహ్నం నిద్రలేచి ‘ఏమైంది?’ అని మెసేజ్ పెట్టారు. నేను ఓడింది కూడా సరిగ్గా మూడు ఓట్లతోనే. నాన్న ఎవరికి వేశారో ఇప్పటికీ చెప్పలేదు.

సాయంత్రం అంకుల్ మా ఇంటికే వచ్చారు. చేతిలో ఓ చెప్పుల డబ్బా. నిండా బిల్లులే. ‘నువ్వడిగిన లెక్క ఇదే. రాసే ఓపిక నాకు లేదు. కమిటీలోకి వచ్చి నువ్వే రాయి’ అన్నారు. రెండు రాత్రులు కూర్చుని చూశాను. డబ్బు ఎవరూ తినలేదు. కానీ ఏ బిల్లు చూసినా ‘నీళ్లు’ అనే ఉంది. వచ్చింది 5,000 లీటర్ల ట్యాంకరో, 10,000 లీటర్లదో ఎక్కడా లేదు. దొంగతనం జరగలేదు సరే, జరిగుంటే మాత్రం మాకు తెలిసేదా?

ఇప్పుడు వాచ్‌మన్ గదిలో ఓ రిజిస్టర్ ఉంది. ట్యాంకర్ రాకముందు, వచ్చాక సంపులో కర్ర పెట్టి లోతు కొలిచి రాస్తాం. రాత్రికి ఆ పేజీ ఫొటో గ్రూపులో పడుతుంది. వచ్చే జనరల్ బాడీలో, అద్దెకున్నవాళ్లూ వచ్చి మాట్లాడొచ్చని తీర్మానం పెడుతున్నాను. ఓటు ఇప్పించలేకపోయినా కుర్చీ అయినా వేయించాలి కదా!

మీరూ నిలబడాలనుకుంటే ముందు బైలాస్ చదవండి. సభ్యుల జాబితాలో మీ పేరుందో లేదో చూసుకోండి. పోయినేటి ఆడిట్ రిపోర్టు అడగండి. లైకులు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

అన్నట్టు, నా ఫోన్ ఇప్పుడు సైలెంట్‌లో ఉండటం లేదు. మొన్న రాత్రి ఒంటిగంటన్నరకు మోగింది. ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగుతోందట. లుంగీ మీదే పరిగెత్తాను. అంకుల్ అప్పటికే అక్కడున్నారు.