పోర్టల్ చూడటం పెంపకం కాదు

రెడ్‌మండ్‌లోని మన ఇళ్లలో ఒక తప్పుడు నమ్మకం పాతుకుపోయింది. మిడిల్ స్కూల్ పిల్లకు మంచి లాప్‌టాప్, తలుపు వేసుకోవడానికి ఒక గది ఇచ్చేస్తే ఆన్‌లైన్ చదువు దానంతట అదే సాగిపోతుందట! సాగకపోతే తప్పంతా పిల్లదేనట!

ఇది అబద్ధమని తెలుసుకోవడానికి మన ఊరికి కొత్త రుజువులేం అక్కర్లేదు. 2020 మార్చి 12న అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ కోవిడ్ కారణంగా మన కింగ్ కౌంటీతో కలిపి మూడు కౌంటీల బడులు మూసేయాలని ఆదేశించారు. ఏప్రిల్ 6న, ఆ విద్యాసంవత్సరానికి ఇక తెరిచేది లేదన్నారు. ఏడాది తిరిగేసరికి, 2021 మార్చిలో, ఆయనే పిల్లల మానసిక ఆరోగ్యం అత్యవసర స్థితికి చేరిందని ప్రకటించి, కోరుకున్న పిల్లలకు ఏప్రిల్ నెలలోనే బడికొచ్చే వీలు కల్పించి తీరాలని ఆదేశించారు. మైక్రోసాఫ్ట్ కొలువున్న ఊరికీ ఆ ఆదేశం తప్పలేదు. కంప్యూటర్లు చాలక వచ్చిన ఆపద కాదది.

ఇప్పుడు కోరి ఆన్‌లైన్ బడి ఎంచుకుంటున్న కుటుంబాలున్నాయి. పిల్ల ఆరోగ్యం బాగోకనో, బడిలో ఏడిపిస్తున్నారనో, లెక్కల్లో వేగంగా వెళ్తుందనో. అందులో తప్పు లేదు. ఎంచుకున్నాక చేతులు దులుపుకోవడమే తప్పు.

ఎలిమెంటరీలో రోజంతా చూసుకునే టీచరు ఒకరుంటారు. ఆరో తరగతి నుంచి సబ్జెక్టుకో టీచరు, ఒక్కొక్కరిదీ ఒక్కో గడువు. బడిలోనైతే గంట మోగుతుంది, పక్క సీటు పిల్ల గుర్తుచేస్తుంది, అర్థం కాని మొహాన్ని టీచరు ఇట్టే పట్టేస్తారు. ఇంట్లో ఇవేవీ ఉండవు. పదకొండేళ్ల పిల్ల అన్నీ తనలోంచే తెచ్చుకోవాలి. ఆఫీసులో మనకు రోజూ స్టాండప్ మీటింగు కావాలి, మేనేజరు కావాలి, క్యాలెండరు రిమైండర్లు కావాలి. పిల్లకు మాత్రం ఏమీ అక్కర్లేదా?

మనం చేస్తున్నదేమిటి? తండ్రి రాత్రి భోజనాలయ్యాక బడి పోర్టల్ తెరుస్తాడు. ఏదైనా హోంవర్క్ ‘మిస్సింగ్’ అని కనపడగానే గొంతు లేస్తుంది. ముందు పిల్లకు తిట్లు, తర్వాత తల్లికి. ‘నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఆ మాత్రం చూసుకోలేవా?’ ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం వదులుకుని, డిపెండెంట్ వీసా మీద వచ్చిన మనిషిని అడిగే మాటేనా ఇది? ఆమె రోజంతటినీ ఆమెనడక్కుండానే రాసిచ్చేసే హక్కు ఎవరిచ్చారు?

మన వాషింగ్టన్ రాష్ట్రంలో ఆన్‌లైన్ ప్రభుత్వ బడి నిబంధనలు చూడండి. ప్రతి పిల్లకూ రాతపూర్వకంగా చదువు ప్రణాళిక ఉండాలి. టీచరు వారం వారం పలకరించాలి. ప్రగతిని నెలకోసారి అంచనా వేయాలి. ప్రభుత్వం నెలకోసారి అడిగే లెక్కను మనం రోజూ రాత్రి అడుగుతున్నాం. ఆ వారం వారం పలకరింపును మాత్రం వదిలేశాం. ఇది తనిఖీ. పిల్లకు కావలసింది తోడు.

తోడంటే ఖర్చులేని పనులే. ఆదివారం సాయంత్రం పక్కన కూర్చుని, వారం గడువులన్నీ కాగితం మీద పిల్ల చేతే రాయించండి. పొద్దున మొదటి క్లాసు మొదలయ్యేదాకా దగ్గరుండి, ఆ తర్వాత లేచి వెళ్లండి, వెనక నిలబడి తొంగిచూడకండి. పాఠం అర్థం కాకపోతే టీచరుకు మెయిల్ పిల్లే రాయాలి. తప్పులున్నా సరే, మీరు రాయకండి. మధ్యాహ్నం తెర మూయించి మేరీమూర్ పార్కుకో, సమామిష్ నది వెంట బాటకో తీసుకెళ్లండి. మన చినుకులకు జడిసి ఆగితే ఏడాదిలో చాలా రోజులు గదిలోనే గడుస్తాయి. తోటి పిల్లలతో ఆడే వేళను లెక్కల క్లాసంత గట్టిగా కాపాడండి. అర్థం కానిది అడగడం, ఆలస్యమైతే ఒప్పుకోవడం, మళ్లీ మొదలుపెట్టడం ఈ వయసులోనే అలవాటు కావాలి. తిట్లకు భయపడే పిల్ల దాచడం నేర్చుకుంటుంది.

నాన్నలకు సూటిగా చెబుతున్నాను. మీ ఔట్‌లుక్ క్యాలెండర్‌లో పొద్దున అరగంట పిల్ల పేరున బ్లాక్ చేయండి. రిలీజు ఉన్న వారమైనా సరే, దాన్ని కదపకండి. వంతులు వేసుకోండి, భార్య రోజులో సగం ఆమెకు తిరిగి ఇవ్వండి. అది కుదరదంటారా? అయితే ఆన్‌లైన్ బడి మీ ఇంటికి తగదు. రేపే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి, పిల్లను మామూలు బడిలో చేర్పించండి.