మైదానం దాటితే మెట్టసేద్యమే
పదిహేనేళ్ల ఆట.. ఆ తర్వాత నలభై ఏళ్ల బతుకు
క్రీడాకారుల ఆర్థిక కష్టాలకు మూలమిదే

అనంతపురం: వాన కురిసిన ఏడాది వేరుసెనగ పండుతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వచ్చే ఏడూ ఇలాగే ఉంటుందన్న ధీమాతో రైతు బోరు వేయిస్తాడు. వరుణుడు ముఖం చాటేస్తే మిగిలేది అప్పే. ఏటా సగటున 550 మి.మీ. వానతో నెట్టుకొచ్చే అనంత రైతుకు ఇది కొత్త కథ కాదు. క్రీడాకారుల జీవితమూ ఇంచుమించు ఇంతే. ఇరవై ఏళ్లకు మొదలైన ఆట ముప్పై అయిదుకు ముగుస్తుంది. గాయమైతే ఇంకా ముందే ఆగిపోతుంది.

సంపాదన పెరిగితే చాలదా?
చాలదని అమెరికా అనుభవం చెబుతోంది. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్‌ ఫుట్‌బాల్‌ ఆటగాళ్లపై ఆర్థికవేత్తలు 2015లో ఓ అధ్యయనం వెలువరించారు. ఆట మానిన 12 ఏళ్లలో దాదాపు 16 శాతం మంది దివాలా పిటిషన్లు వేసినట్లు అందులో తేలింది. ఎక్కువ కాలం ఆడినవారికీ, బాగా గడించినవారికీ ఈ ముప్పు పెద్దగా తగ్గలేదు. రాబడి కొన్నేళ్లపాటు కుప్పగా వచ్చి ఒక్కసారిగా ఆగిపోవడమే అసలు చిక్కు. అలవాటైన ఖర్చులు, అయినవారి అవసరాలు మాత్రం ఆగవు. 1993లో వరుస టెస్టుల్లో రెండు డబుల్‌ సెంచరీలు చేసిన వినోద్‌ కాంబ్లి, బోర్డు ఇచ్చే రూ.30 వేల పింఛనే తనకు ఆధారమని 2022లో చెప్పుకోవలసి వచ్చింది.

పింఛను కొందరికే..
2018లో సవరించిన కేంద్ర పథకం కింద ఒలింపిక్‌ పతక విజేతకు నెలకు రూ.20 వేలు, ఆసియా క్రీడల స్వర్ణ విజేతకు రూ.14 వేలు పింఛను నిర్ణయించారు. జాతీయ పోటీల్లో ఎన్ని పతకాలు గెలిచినా ఈ పథకం వర్తించదు.

కొలువే భరోసా
సిడ్నీ ఒలింపిక్స్‌ పతక విజేత కరణం మల్లీశ్వరికి భారత ఆహార సంస్థలో ఉద్యోగం దక్కింది. పి.వి.సింధును రాష్ట్ర ప్రభుత్వం 2017లో డిప్యూటీ కలెక్టర్‌గా నియమించింది. నెలనెలా వచ్చే జీతమే ఆటగాడికి బావిలో ఊట వంటిది.

మన పిల్లల సంగతి?
2006లో ఉపాధి హామీ పథకానికి శ్రీకారం చుట్టిన నార్పల మండలం బండ్లపల్లి నుంచే బారెడ్డి అనూష ఎదిగి 2023లో భారత క్రికెట్‌ జట్టుకు ఆడింది. ఆమె బాటలో ఆర్డీటీ మైదానాలకు వచ్చే పల్లె పిల్లలు ఎందరో. అందరూ భారత జట్టుకు చేరలేరు. జిల్లా, రాష్ట్ర స్థాయిలో ఆగిపోయేవారే అధికం. వారికి పింఛనూ లేదు, ప్రచారమూ లేదు. ఆట కోసం చదువు మానేస్తే రెంటికీ చెడ్డ రేవడే. 2024 క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఆ కోటాను అందుకోవాలన్నా విద్యార్హత తప్పదు.

అందుకే శిక్షకులు ఆటతోపాటు డిగ్రీ పూర్తి చేయించాలి. తొలి బహుమతి సొమ్ము నుంచే పొదుపు నేర్పాలి. క్రీడా ధ్రువపత్రాలను భద్రపరిచే బాధ్యత తల్లిదండ్రులు తీసుకోవాలి. పండిన ఏడాదే విత్తనం దాచుకోవాలని మెట్ట రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మాట ఇంట్లో ఆడే పిల్లలకూ చెప్పాలి.