పురిటి మంచం పక్కన ఎవరున్నారు?

తునిలో ఏ ఇంట్లోనైనా అమ్మాయికి నెల తప్పిందని తెలియగానే చుట్టాలడిగే మొదటి మాట, "ఎవరికి చూపిస్తున్నారు?" అని. ఆ వెనకే మిగతావి వస్తాయి. డాక్టరమ్మ హస్తవాసి మంచిదేనా? పురుడు ఇక్కడేనా, కాకినాడ తీసుకెళ్తారా, వైజాగ్ వెళ్తారా? స్కానింగు వాళ్ళ దగ్గరే ఉందా? అందరూ మంచి మనసుతోనే అడుగుతారు. కానీ నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడేదాకా ఆ పిల్ల పక్కన ఎవరుంటారని మాత్రం ఎవరూ అడగరు. పెద్ద డాక్టరు, పెద్ద ఆసుపత్రి ఉంటే చాలు, కష్టమనిపిస్తే ఆపరేషన్ ఎలాగూ ఉంది, అసలు అదే క్షేమం కూడా అన్న నమ్మకం మన ఊళ్ళో వేళ్ళూనుకుపోయింది. ఆ నమ్మకం తప్పు. అది మన ఆడపిల్లల ఒంటికి హాని చేస్తోంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. సంతోషించాల్సిన సంగతే. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. మన రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లు. ప్రభుత్వాసుపత్రుల్లో 26.6 శాతమైతే, ప్రైవేటులో 63 శాతం. దేశం మొత్తానికి సగటు 21.5. ప్రైవేటుకి వెళ్ళేవాళ్ళలో వయసు మీరాక గర్భం దాల్చినవాళ్ళు, సుగర్ ఉన్నవాళ్ళు కాస్త ఎక్కువుంటారు, నిజమే. కానీ రెండింతలకు మించిన తేడాకి అదొక్కటే కారణమంటే నమ్మశక్యం కాదు. తేడా ఆడవాళ్ళ కటి ఎముకల్లో లేదు, వాళ్ళు నడిచి వెళ్ళిన గుమ్మంలో ఉంది. ఏ ప్రాంతంలోనూ ఆపరేషన్ కాన్పులు 10–15 శాతం దాటాల్సిన అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పింది. జనాభా మొత్తం మీద పది శాతం దాటాక ఆపరేషన్లు ఎంత పెరిగినా తల్లుల మరణాలు తగ్గడం కనబడలేదని 2015లో మళ్ళీ చెప్పింది.

ఆపరేషన్‌ని నేను తిట్టడం లేదు. మాయ కిందికి వచ్చి గర్భద్వారాన్ని కప్పేస్తే, బిడ్డ అడ్డం తిరిగితే, బొడ్డుతాడు ముందు జారిపోతే అదే ప్రాణం నిలబెడుతుంది. మన ముత్తవ్వల తరంలో ఇలాంటి కాన్పుల్లో ఎందరు పోయారో పాత కుటుంబాల్లో అడిగితే చెప్తారు. "మా నాయనమ్మ పదిమందిని ఇంట్లోనే కంది, మంత్రసానే చాలేది" అని నిట్టూర్చేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆ పదిమందిలో ఎందరు బతికి బట్టకట్టారో కూడా చెప్పాలి. మంత్రసాని కాలం తిరిగి రావాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు.

నా పేచీ అవసరం లేని కోతతోనే. "బొడ్డుతాడు మెడకి చుట్టుకుంది" అని స్కానింగులో రాగానే ఇల్లంతా గడగడలాడిపోతుంది. దాదాపు నాలుగో వంతు కాన్పుల్లో మెడచుట్టూ తాడు ఉంటుంది, నూటికి తొంభై పాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా బిడ్డ పుడుతుంది. ఈ ముక్క ఆ ఇంటికి నింపాదిగా కూర్చుని చెప్పేదెవరు? పంచాంగం తీసుకొచ్చి నక్షత్రం కుదిరే గంటకి కోయించే వాళ్ళున్నారు. ముప్పై తొమ్మిది వారాలు నిండకుండా ముహూర్తానికి తీసిన బిడ్డకి ఊపిరి ఇబ్బందులు ఎక్కువన్న సంగతి సిద్ధాంతికి తెలియదు, తెలిసిన డాక్టరు గట్టిగా కాదనరు. మొదటి కాన్పులో పడ్డ కోత ఆ ఒక్కసారితో పోదు. తర్వాతి గర్భంలో మాయ ఆ మచ్చ మీదే అంటుకుని, లోపలికి పాతుకుపోయే ప్రమాదం ప్రతి ఆపరేషన్‌తోనూ పెరుగుతుంది. అప్పుడు గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, సీసాలకు సీసాల రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

డాక్టర్ల దురాశ ఒక్కదాని మీదే నెపం పెట్టి ఊరుకుంటే సగం నిజం దాచినట్టే. చిన్న పట్టణంలో నర్సింగ్ హోమ్ నడిపే గైనకాలజిస్టు పరిస్థితి చూడండి. పగలంతా ఓపీ. మత్తు డాక్టరు సొంత మనిషి కాదు, ఫోన్ చేస్తే వస్తాడు, అర్ధరాత్రి దొరుకుతాడో లేదో. రక్తం కావాలంటే బంధువుల్ని పరుగెత్తించాలి. తొలి కాన్పుకి పన్నెండు గంటలు, పద్దెనిమిది గంటలు పట్టడం మామూలే. ఆపరేషన్ గంటలో అయిపోతుంది. ఆ పద్దెనిమిది గంటలూ తల్లిని కనిపెట్టుకుని, బిడ్డ గుండె చప్పుడు వింటూ, కాన్పు సాగుతోందో ఆగిందో చెప్పగలిగిన శిక్షణ ఉన్న మనిషి ఆ డాక్టరు దగ్గర లేదు. పైగా బిడ్డకేమైనా అయితే అద్దాలు పగలగొట్టేదీ, రోడ్డు మీద బైఠాయించేదీ మనమే. ఆపరేషన్ ఎందుకు చేయలేదని నిలదీసేవాళ్ళే గాని, ఎందుకు చేశారని అడిగేవాళ్ళు లేరు. అలాంటి చోట డాక్టరు కత్తి పట్టుకోవడంలో ఆశ్చర్యమేముంది?

మన ఆచారంలోనే ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తొలి పురుడు పుట్టింట్లో. హైదరాబాదులోనో వైజాగ్‌లోనో కాపురం చేసే పిల్ల ఏడు నెలలపాటు అక్కడొక డాక్టరుకి చూపించుకుంటుంది. సూడిదలిచ్చి, చలిమిడి పెట్టి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తుని తీసుకొస్తారు. ఎనిమిదో నెల దాటాక కొత్త డాక్టరు, కొత్త ఆసుపత్రి, కొత్త మొహాలు. చేతిలో లావాటి ఫైలు, అందులో సగం స్కానింగు ఫోటోలు. రక్తపోటు మొదటి నెలల్లో ఎంతుండేదో, థైరాయిడ్ మాత్ర ఎప్పుడు మార్చారో, సుగర్ పరీక్ష ఎప్పుడు చేశారో ఆ ఫైల్లోంచి ఏరుకోవాల్సిందే. తెలియని గర్భిణిని చివరి నెలలో చేతిలో పెడితే ఏ డాక్టరుకైనా భయం వేస్తుంది. భయం దగ్గరి దారి వెతుకుతుంది. పుట్టింటి పురుడు మంచి ఆచారం. అమ్మ చేతి వంట, అమ్మ పక్కన నిద్ర, బాలింతకి నలభై రోజుల విశ్రాంతి మన పెద్దలు ఆలోచించి పెట్టినవే. కానీ పిల్లతో పాటు ఆమె వైద్యం కూడా పుట్టింటికి రావాలి. అయిదో నెలలో ఒకసారైనా తుని వచ్చి పురుడు పోసేవాళ్ళకి చూపించుకోవాలి. రాగానే ఇక్కడి ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకోవాలి. తల్లీబిడ్డ రక్షణ కార్డు ఖాళీగా కాక పూర్తిగా నింపించి తెచ్చుకోవాలి.

ఏఎన్ఎం అంటే మన పట్టణం వాళ్ళకి లోకువ. "ఆవిడకేం తెలుసు, ఐరన్ మాత్రలు పంచే ఆవిడ" అంటారు. ఆ ఐరన్ మాత్రల దగ్గరే ఆగుదాం. ఐదో విడత సర్వేలో మన రాష్ట్రపు గర్భిణుల్లో 53.7 శాతం మందికి రక్తహీనత. సగానికి పైగా! రక్తం లేని తల్లికి కాన్పులో కొద్దిగా ఎక్కువ పోయినా ప్రాణాల మీదికి వస్తుంది. దీనికి మందు కోటి రూపాయల మిషను కాదు. నూట ఎనభై రోజులు మాత్ర వేసుకోవడం. ఎందుకు వేసుకోరంటే, విరేచనం నల్లగా అవుతుందని భయపడి కొందరు, వికారమని కొందరు, బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు మానేస్తారు. కాఫీతో పాటు వేసుకుంటే ఒంటపట్టదు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటపట్టదు. ఇవన్నీ ఓపీలో నాలుగు నిమిషాలిచ్చే డాక్టరు చెప్పలేరు. ఇంటికొచ్చి, డబ్బాలో మాత్రలు లెక్కపెట్టి, "ఏమ్మా, ఇన్ని మిగిలాయేంటి?" అని అడిగే మనిషి చెప్పాలి. మొహం, చేతులు ఉబ్బుతున్నాయా, తలనొప్పి తగ్గకుండా ఉందా, కళ్ళు మసకేస్తున్నాయా, డొక్క పైన నొప్పా అని అడిగి, వెంటనే రక్తపోటు చూసి గుర్రపువాతం రాకముందే పట్టుకునేది కూడా ఆవిడే. ఇంట్లోవాళ్ళేమో "నీరు పట్టడం మామూలేలే" అని ఊరుకుంటారు. నైపుణ్యం అంటే ఇదీ. దీనికి గ్లాసు తలుపులు అక్కర్లేదు.

ఏఎన్ఎంలను మొదట నియమించిందే కాన్పులు చేయడానికి. 1973లో కర్తార్ సింగ్ కమిటీ వాళ్ళని బహుళ ప్రయోజన కార్యకర్తల్ని చేయమంది. ఆ తర్వాత కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు, ఇప్పుడు యాప్‌లు. 2005లో జననీ సురక్షా యోజన వచ్చి కాన్పులన్నీ ఆసుపత్రికి మారాయి. మారడం మంచిదే, దానివల్ల తల్లుల మరణాలు తగ్గాయి. 2018–20లో మన రాష్ట్రంలో లక్ష ప్రసవాలకు 45. కానీ ఆ దారిలో కాన్పు పక్కన కూర్చునే విద్య ఊరిలోంచి పోయింది, ఆసుపత్రిలోకి రాలేదు. ఆ ఖాళీలోకి ఆపరేషన్ వచ్చి కూర్చుంది.

లేబర్ రూమ్‌లో జరిగేది చాలామంది మగవాళ్ళకి తెలియదు, తెలిసిన ఆడవాళ్ళు చెప్పుకోరు. పిల్లని ఒంటరిగా లోపలికి తీసుకెళ్తారు. వెల్లకిలా పడుకోబెడతారు. కదలొద్దంటారు, అరిస్తే కసురుతారు. నాలుగైదు గంటలకి భయంతో బిగుసుకుపోయి "నా వల్ల కాదు, కోసేయండి" అంటుంది. వరండాలో ఆ కేకలు వింటున్న తల్లి "మా పిల్ల తట్టుకోలేదండి, ఆపరేషన్ చేసేయండి" అని చేతులు జోడిస్తుంది. దాన్ని రేపు అందరూ "వాళ్ళే అడిగారు" అంటారు. ఆ రెండు ప్రాణాలూ నిస్సహాయతలో అడిగినదాన్ని కోరిక అనడం అన్యాయం.

నొప్పుల సమయంలో పక్కన ఒక మనిషి విడవకుండా ఉంటే ఏమవుతుందో పరిశోధనలున్నాయి. 17 దేశాల్లో 15 వేలకు పైగా స్త్రీల మీద జరిగిన 26 అధ్యయనాలని కొక్రేన్ సంస్థ 2017లో కలిపి చూసింది. తోడున్న తల్లులకు మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, ఆపరేషన్లు తగ్గాయి. ప్రభుత్వాసుపత్రి కాన్పు గదిలోకి తల్లి వెంట ఒక ఆడమనిషిని అనుమతించమని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. గర్భద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకునేదాకా నొప్పులు ఊపందుకున్నట్టు లెక్కవేయొద్దని, గంటకో సెంటీమీటరు చొప్పున సాగలేదన్న ఒక్క కారణంతో తొందరపడొద్దని, తల్లిని నడవనివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రాసింది. వీటికి ఖర్చు లేదు. ఓర్పు కావాలి, ఓర్చుకోవడం నేర్చిన మనుషులు కావాలి.

ఆ మనుషుల్ని తయారుచేయడం అసాధ్యమేమీ కాదు. హైదరాబాదులో 1948 నుంచి ఉన్న ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ పట్టుదలతో, 2011లో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల శిక్షణ ఇప్పించింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ప్రకటించింది. "అయితే తెలంగాణలో ఆపరేషన్లు 60.7 శాతం ఎందుకున్నాయి?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ లెక్క చెప్పిన ఐదో విడత సర్వే నాటికి చేతికొచ్చిన మిడ్‌వైఫ్‌లు కొద్దిమంది, ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు 80 శాతం దాటాయి. గుప్పెడు మందిని వేసి ఫలితం రాలేదంటే తప్పు విద్యది కాదు, లెక్కది. పక్కనున్న శ్రీలంకలో పబ్లిక్ హెల్త్ మిడ్‌వైఫ్‌కి తన పరిధిలో ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెలో తెలుసు. 1940లలో లక్ష ప్రసవాలకు వెయ్యికి పైగా తల్లుల్ని పోగొట్టుకున్న ఆ దేశం ఇప్పుడు నలభైకి లోపు తెచ్చింది. ధనిక దేశమేమీ కాదు, చాలా ముందుగా మొదలుపెట్టింది.

"నర్సు చేతిలో పెట్టమంటారా మా పిల్లని?" అంటారు కొందరు పెద్దలు. మామూలుగా సాగుతున్న కాన్పుని చెడగొట్టకుండా కాపాడటం ఒక విద్య. గాడి తప్పిన కాన్పుని సరిచేయడం ఇంకో విద్య. మొదటిది మిడ్‌వైఫ్‌ది, రెండోది డాక్టరుది. గాడి తప్పుతోందని ముందుగా కనిపెట్టి డాక్టరుని పిలిచేది మిడ్‌వైఫే. ఆవిడ లేనిచోట డాక్టరుకి కబురు ఆలస్యంగా అందుతుంది, లేదా అనవసరంగా అందుతుంది.

తుని ఏరియా ఆసుపత్రికి ఈ ఊరొక్కటే రాదు. కోటనందూరు, రౌతులపూడి, తొండంగి, తాండవ నదికి అవతల పాయకరావుపేట జనం కూడా వస్తారు. మన్యం అంచు పల్లెల నుంచి నొప్పులతో బయల్దేరినవాళ్ళకి దారిలో మొదటి పెద్ద ఆసుపత్రి ఇదే. కాకినాడ జీజీహెచ్ ఇంకో అరవై కిలోమీటర్లు. అందుకే ఇక్కడి కాన్పు గదిలో పగలూ రాత్రీ మూడు షిఫ్టుల్లోనూ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లుండాలి. వాళ్ళని వార్డు డ్యూటీలకి, రిజిస్టర్లకి మళ్ళించకూడదు. ప్రతి ప్రైవేటు ఆసుపత్రీ తన ఆపరేషన్ కాన్పుల శాతం గోడ మీద రాసిపెట్టాలి. తల్లి వెంట ఒకరిని లోపలికి రానివ్వాలి. ఎమ్మెల్యేని రోడ్డు అడిగినట్టే ఇదీ అడగాలి.

ఇంట్లో ఆడపిల్ల నిండు నెలలతో ఉన్నవాళ్ళకి నాదొక్కటే విన్నపం. ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత పరీక్షలుంటాయి, ప్రైవేటుకి చూపించుకుంటున్నా ఒకసారి అక్కడికీ తీసుకెళ్ళండి. పురుటి ఆసుపత్రికి అడ్వాన్సు కట్టేముందు రేటు అడగండి, గది అడగండి, ఆ తర్వాత ఇది కూడా అడగండి: "అర్ధరాత్రి నొప్పులొస్తే తెల్లవార్లూ మా పిల్ల పక్కన కూర్చునేదెవరు, ఆవిడ ఎక్కడ చదువుకుంది, వాళ్ళమ్మని లోపలికి రానిస్తారా?" దీనికి సూటిగా జవాబు చెప్పిన చోటే పురుడు పోయించండి.