కోపాగ్నికి కన్ను సమిధ కారాదు

గత సంవత్సరం ఆషాఢమాసంలో ఒక శనివారం నరసింహస్వామికి హారతి ఇచ్చి పళ్ళెం భక్తుల ముందుకు తెచ్చాను. వరుసలో నిలబడిన ఒక గృహస్థు హారతి కన్నులకద్దుకొనక నన్ను ప్రక్కకు పిలిచారు. “స్వామీ, ఎడమకన్ను మూసి చూస్తే కిరీటం కనిపిస్తున్నది, పాదాలు కనిపిస్తున్నవి. ముఖం ఉన్న చోట మాత్రం ఒక మసక మచ్చ. నరసింహస్వామి నాకు ముఖం చాటేశాడా?” అన్నారు. ఆయన గొంతు వణుకుతున్నది.

వయస్సు నలభై దాటలేదు. పొలం గట్టు విషయమై సొంత అన్నగారితో ఎనిమిది నెలలుగా వ్యాజ్యం. రాత్రులు నిద్ర లేదు. అన్న పేరు వినబడితే చాలు, కణతలు అదురుతాయట. తన కోపమే పాపమై స్వామి ఆగ్రహానికి కారణమైనదని ఆయన నిశ్చయించుకొని, శాంతిహోమానికి ఎంత అవుతుందని అడిగారు. “హోమం సంగతి తరువాత చూద్దాం, రేపు ఉదయం కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళండి” అన్నాను. ఆయనకు నా మాట రుచించలేదు. దక్షిణ వద్దనే అర్చకుని చూసి అనుమానించడం లోకసహజమే!

వైద్యుడు పరీక్షించి చెప్పినది ఇది. రెటీనా అనే కంటి తెర వెనుక నీరు చేరినది. మనం దేనినైనా సూటిగా చూసే చోటనే, అంటే తెర నడిమి భాగంలోనే, అది ఉబ్బినది. దీనికి సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి అని పేరు. ముప్పై నుండి యాభై ఏళ్ళ వయస్సు గల పురుషులలో ఎక్కువగా కనిపిస్తుంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న స్టెరాయిడ్ మందులేమైనా వాడుతున్నారా అని; రెండవది, నిద్ర పడుతున్నదా అని. ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉన్నది. కోపంలోనూ దిగులులోనూ మన శరీరమే కార్టిసోల్ అనే ద్రవ్యాన్ని అధికంగా స్రవిస్తుంది. అదీ స్టెరాయిడ్ జాతిదే. కోపం ఒక్కటే కారణమని ఏ వైద్యుడూ అనడు. కాని తీవ్రమైన మానసిక ఒత్తిడి ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువని వారందరూ ఎరిగినదే.

ఇది విన్నప్పుడు నాకు సుశ్రుతసంహిత స్ఫురించినది. ఉత్తరతంత్రంలో సుశ్రుతాచార్యుడు డెబ్బది ఆరు నేత్రరోగాలను లెక్కించి, వాటికి హేతువులను వరుసగా చెప్పాడు. ఎండలో కాగిన శరీరంతో నీటిలో దిగడం, నిద్ర తప్పడం, మిక్కిలి సూక్ష్మమైన వాటిని చూస్తూ ఉండడం, పొగ, దెబ్బ ఆ జాబితాలో ఉన్నవి. వాటి నడుమనే కోపం, శోకం, ఎడతెగని రోదనం కూడ ఉన్నవి. వీటితోపాటు వచ్చే కన్నీటిని బిగబట్టడం కూడ కంటికి చేటని ఆ మహనీయుడు వ్రాశాడు. చూపునకు ఆధారమైన ఆలోచక పిత్తం కంటిలో ఉంటుందనీ, కోపం పిత్తాన్ని ప్రకోపింపజేస్తుందనీ ఆయుర్వేదమతం. గీతలో భగవానుడు కోపం వలన సమ్మోహం కలుగుతుందని చెప్పినది బుద్ధిని గురించే అయినా, ఆ గృహస్థు విషయంలో కంటికీ అదే అన్వయించినది.

హోమానికి ముందు వైద్యుడని నేనంత గట్టిగా చెప్పడానికి వేరొక కారణం ఉన్నది. దానిని ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు.

సుమారు ముప్పై ఏళ్ళ క్రిందటి మాట. యాభై దాటిన ఒక ఇల్లాలిని సాయంకాలం ఆలయానికి తీసుకొని వచ్చారు. ఇంట్లో కుమారుల మధ్య ఆస్తి పంపకాల రభస. ఆమె ఎవరినీ ఒక్క మాట అనక, ఏడుపు దిగమింగుకొని, దీపం వెలిగించని వంటింట్లో చాలాసేపు కూర్చుండిపోయినదట. కుడికన్ను చింతనిప్పులా ఉన్నది. తల పగిలిపోతున్నదన్నది. రెండుసార్లు వాంతి అయినది. ఆలయదీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నవన్నది. వెంట వచ్చినవారు దిష్టి అన్నారు. నేనూ అదే అనుకొన్నాను. మంత్రం చెప్పి, తీర్థం చిలకరించి, రక్ష కట్టి, “రెండు రోజులు చూద్దాం” అన్నాను.

మూడవనాడు పట్నం తీసుకొని వెళ్ళారు. అది నీటికాసులు, ఇప్పుడు గ్లకోమా అంటున్నారు. అందులోనూ ఉన్నపళాన వచ్చే రకం. కంటిలో నిత్యం ఊరే ద్రవం వెలుపలికి పోయే దారి కొందరికి సహజంగానే ఇరుకు. వయస్సుతో మరింత ఇరుకవుతుంది. ఉద్వేగంలో, చీకటిలో కనుపాప విప్పారినప్పుడు ఆ దారి మూసుకొనిపోవచ్చు. అప్పుడు లోపలి ఒత్తిడి గంటలలో పెరిగి నేత్రనాడిని దెబ్బతీస్తుంది. మందులతో ఒత్తిడి తగ్గించారు కాని పోయిన చూపు రాలేదు. రెండవ కంటికి లేజరుతో చిన్న రంధ్రం చేసి దానిని కాపాడారు. ఆ తరువాత పదేళ్ళు ఆమె ఆలయానికి వస్తూనే ఉన్నారు. ఒక్కనాడూ నన్ను తప్పుపట్టలేదు. అదే నాకు ఎక్కువ భారం.

ఆ ఇంట అరచినవారు ఎవరు, చూపు పోయినది ఎవరికి? కోపిష్ఠి యజమానులున్న ఇళ్ళకు పూజకు వెళ్ళినప్పుడల్లా నా దృష్టి తలుపు చాటున నిలబడిన ఆడవారి మీదికే పోతుంది. “మాది ధర్మాగ్రహం, మా ఇలవేల్పు నరసింహుడు” అని మీసం దువ్వే పెద్దలను చూశాను. వారు భాగవతం సప్తమస్కంధంలో హిరణ్యకశిపుని వధవరకు విని లేచి వెళ్ళినవారై ఉండాలి! స్వామి కోపాన్ని చూచి లక్ష్మీదేవి సైతం దగ్గరకు రాలేకపోయినది. పసివాడైన ప్రహ్లాదుడు వెళ్ళి పాదాలపై పడగా స్వామి చల్లబడినాడు. సింహాచలంలో అక్షయతృతీయనాడు తప్ప ఏడాది పొడుగునా స్వామిని చందనంతో కప్పి ఉంచేది ఆ ఉగ్రాన్ని చల్లార్చడానికేనని పెద్దలు చెబుతారు. దేవుని కోపానికే చందనం కావలసివచ్చినది. మన కోపానికి ఇంకెంత కావాలి!

కన్ను అదురుతున్నది, శుభమా అశుభమా అని అడుగ వచ్చేవారు వారానికి ఇద్దరైనా ఉంటారు. నిద్ర ఎంతసేపు పోతున్నారని నేను ఎదురు అడుగుతాను. చాలామందికి దానితోనే సమాధానం దొరుకుతుంది. ఇక మీ ఇంట గోడకు వ్రేలాడే తెలుగు క్యాలెండరు ఉన్నదిగదా! వారానికొకసారి ఒక కన్ను మూసి రెండవ కంటితో దాని గళ్ళను చూడండి. నడుమ గీతలు వంకరపోయినా, అంకెలు చిన్నవిగా లేక మసకగా కనిపించినా వైద్యుని చూడండి. ఎర్రబడిన కంటికి నొప్పి, తలపోటు, వాంతి తోడైతే ఆ రాత్రే బయలుదేరండి, తెల్లవారేవరకు ఆగవద్దు. తీర్థమైనా, చనుబాలైనా, ఆకుపసరైనా కంటిలో పోయవద్దు. దిష్టి తీయదలచుకొంటే తీయండి, కాని ఆటో వచ్చేలోపల తీయండి. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు చూపు బాగానే ఉన్నదని ఊరకుండక ఏటా కంటి తెరను చూపించుకోవలసినదే.

ఆ గృహస్థు కార్తికమాసంలో తిరిగి వచ్చారు. వైద్యుడు మందుల కంటె నిద్రనే ఎక్కువగా విధించాడట. కోర్టు వాయిదాలకు తాను వెళ్ళడం మాని, ఆ పని వకీలుకు అప్పగించారు. ఉదయం అర్ధగంట సూర్యోపాసన చేస్తున్నానన్నారు. సూర్యబింబంవైపు తేరి చూడవద్దని మరల హెచ్చరించాను. హారతి వెలుగులో చాలాసేపు స్వామిని చూచి, “ముఖం కనిపిస్తున్నది స్వామీ, నామం నిలువుగీత మాత్రం కొంచెం వంగినట్లున్నది” అన్నారు. అన్నగారి సంగతి అడిగాను. తలవంచుకొని తీర్థానికి చేయి చాచారు.